స్వాతి చుక్క జరిగిన ఎనభై ఆరు సెకండ్లు

నేను పుట్టు భయస్తుణ్ణి. వినయం కొద్దీ చెబుతున్న మాట కాదిది, మా ఇంట్లో ఎవర్ని అడిగినా చెబుతారు. తలుపుకి గొళ్ళెం పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ చూసుకుంటాను. పోస్టుడబ్బాలో ఉత్తరం వేశాక లోపలికి పడిందో లేదోనని వేళ్ళు పెట్టి తడుముతాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఈ గుణమే నాకు ఉద్యోగం సంపాదించి పెట్టింది. నా ఈ గుణం మీద నమ్మకంతోనే ఒక మనిషిని పనిలోంచి పంపేశారు. ఆ సంగతి కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మా నాన్నగారు బెజవాడలో పంచాంగం గుణించేవారు. ఒక చిన్న అచ్చాఫీసు వాళ్ళు ఏటా ఆయన గుణించిందే వేసేవారు. నాకు ఎక్కాలు పూర్తిగా రాకముందే ఇరవై ఏడు నక్షత్రాల స్థానాలూ నోటికొచ్చాయి. అశ్వినికి ఎనిమిది, భరణికి ఇరవై, అలా వెళ్ళి వెళ్ళి స్వాతికి నూట తొంభై తొమ్మిది. పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని వణుకుతూ వల్లించేవాణ్ణి. మా తాతగారూ ఆ అంకెలే వల్లించారు, ఆయన తాతగారూ ఆ అంకెలే. గ్రహాలు తిరుగుతాయి, చుక్కలు ఉన్నచోటే ఉంటాయి. లెక్క మొదలుపెట్టే గీత మాత్రం ఏడాదికి యాభై వికళల చొప్పున జరుగుతుంది, దానికి అయనాంశ అని ఒక సవరణ ఉంది. వికళ అంటే కోణంలో అతి చిన్న ముక్క. డిగ్రీని అరవై భాగాలు చేస్తే కళ, కళని అరవై చేస్తే వికళ. ఇంగ్లీషు చదువులో దాన్నే సెకండు అన్నారు. మా ఇంట్లో అయనాంశ గురించి గొడవలు పడేవారు గానీ చుక్కలు కదలవన్న విషయంలో ఎవరికీ ఏ అనుమానమూ లేదు. నాకైతే అసలే లేదు.

యుద్ధం రోజులు. అంతకు ముందు ఏడు కోస్తాలో బాంబులు పడ్డాయని బెజవాడలో సగం ఇళ్ళకి తాళాలు పడ్డాయి. ఆ గాభరా తగ్గాక, దివిసీమ వైపు ఒక మురుగు కాలువ తవ్వడానికి గీత గీసే సర్వే పార్టీలో లెక్కల గుమాస్తా కావాలన్నారు. పని తాత్కాలికం. లాగరిథం పట్టికలు చూడటం వచ్చా అని అడిగారు, వచ్చన్నాను. ఒక కూడిక ఇచ్చారు. చేసి, మళ్ళీ చేసి, కింద నుంచి పైకి ఇంకోసారి చేసి ఇచ్చాను. అక్కడే కుర్చీలో కూర్చుని నన్ను గమనిస్తున్న సర్వేయరు గారు, "వీణ్ణి తీసుకోండి, వీడికి తన మీద తనకే నమ్మకం లేదు" అన్నారు. అది మెచ్చుకోలని నాకు తర్వాత తెలిసింది.

సర్వేయరు గారిది గుంటూరు. యాభై దాటిన మనిషి. కోపం ముందొచ్చి, మనసు కాస్త ఆలస్యంగా వచ్చేది ఆయనకి. ఉయ్యూరు దాటాక బందరు కాలువ మీద ఒక లాకుల దగ్గర చిన్న బంగళా ఉంది, అందులో దిగాం. ఆయన, నేను, గొలుసు లాగే కూలీలు కొందరు, ఒక ఖలాసి.

ఖలాసి గురించి చెప్పాలి. బందరు అవతల సముద్రపు ఒడ్డు పల్లె అతనిది, చేపలవేట కుటుంబం. వయసు ముప్ఫై అయిదు ఉంటుంది. వాళ్ళ అన్న వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ నెలలోనే తల్లి ఇతని చేత నీళ్ళలోకి దిగనని ఒట్టు వేయించుకుని సర్వే పనిలోకి పంపింది. కోణాలు కొలిచే థియొడొలైటు పెట్టెని అతను నెత్తిన పెట్టుకుని గట్ల మీద నడుస్తుంటే లోపల అద్దం చప్పుడు కూడా వినబడేది కాదు. స్టాండు మూడు కాళ్ళూ నేలలో నాటి, లాంతరు పట్టుకుని పక్కన నిలబడేవాడు. సర్వేయరు గారు గొట్టంలోంచి చుక్కని చూస్తున్నంతసేపూ అతను ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చేవాడు. స్టాండుకి ఎవరి కాలైనా తగిలితే కొలత పోతుంది కదా.

చుక్కలతో పనేమిటంటే, పొలాల మీద గొలుసు లాక్కుంటూ పోతే పది మైళ్ళకి గీత ఎటు వంగిందో తెలియదు. మధ్యలో ఆగి చుక్కని చూసి, అసలైన ఉత్తరం ఎటో తేల్చుకోవాలి. ధ్రువనక్షత్రం ఉండగా బాధేమిటంటారేమో, మా డెల్టాలో అది నేలకి మరీ దగ్గర. తాటితోపుల వెనకా పొలాల ఆవిరిలోనూ మసకగా ఉంటుంది. అందుకని పడమట ఒక చుక్కనీ తూర్పున ఒక చుక్కనీ చూసేవాళ్ళం. చైత్రమాసం కాబట్టి చీకటి పడగానే పడమట ఆర్ద్ర, ఇంకో గంటకి తూర్పున స్వాతి. రెండు లెక్కలూ ఒకే ఉత్తరాన్ని చూపించాలి. ఎంత దగ్గరగా చూపిస్తే పని అంత బాగా జరిగినట్టు.

ఆ లెక్కకి ఆ రోజున చుక్క ఆకాశంలో ఎక్కడుందో సెకండ్లతో సహా తెలియాలి. మామూలుగా ఏటా ఇంగ్లండు సీమ నుంచి వచ్చే ఆల్మనాక్‌లో, అంటే దొరల పంచాంగంలో, అది తయారుగా ఉంటుంది. ఆ ఏడు పుస్తకం రాలేదు. "ఓడ మునిగిందో, అచ్చే కాలేదో" అని సర్వేయరు గారు విసుక్కుని, పెద్దాఫీసు బీరువాలోంచి తెచ్చిన ఒక లావుపాటి పుస్తకం నా ముందు పడేశారు. నక్షత్రాల కేటలాగు. వేల చుక్కలు, వరసకి ఒకటి. ఒక్కొక్క దానికీ పందొమ్మిది వందల సంవత్సరం నాటి స్థానం, పక్కన ఏడాదికి అది ఎంత మారుతుందో ఒక అంకె, ఆ పక్కన ఇంకా ఏవో గళ్ళు. "నలభై మూడేళ్ళకి మార్చి వాడుకో" అన్నారు.

ఆ పుస్తకం చూసి నేను పొంగిపోయాను. ఏడాదికి మారే అంకె అంటే మా అయనాంశేగా! పరాయి వేషంలో ఉన్న చుట్టాన్ని గుర్తుపట్టినట్టు అయింది. నలభై మూడుతో హెచ్చవేశాను, కలిపాను, తీసేశాను, అయిదుసార్లు సరిచూశాను. చివర ఒక సన్నని గడి మిగిలింది. దాని పైన చుక్కల సొంత కదలిక అని ఇంగ్లీషులో ఉంది. ఆర్ద్రకి అందులో సున్నా, దశాంశపు చుక్క, సున్నా, ఏదో అంకె. చుక్కకి సొంత కదలికేమిటి, దొరల చాదస్తం కాకపోతే, అని నవ్వుకుని నా లెక్కల ఫారంలో ఆ గడి మీద అడ్డంగా గీత కొట్టేశాను. ఆర్ద్రకీ కొట్టాను, స్వాతికీ కొట్టాను. స్వాతి గడిలో ఏముందో చూడను కూడా లేదు. ప్రతిదాన్నీ అయిదుసార్లు చూసే నేను దాన్ని ఒక్కసారైనా చూడలేదు.

మొదటి సాయంత్రం కొలతలకి మర్నాడు పొద్దున లెక్క కట్టాను. ఆర్ద్ర చూపించిన ఉత్తరానికీ స్వాతి చూపించిన ఉత్తరానికీ ఒక నిమిషం నలభై అయిదు సెకండ్లు తేడా వచ్చింది. గంటలో నిమిషాలు కావివి, కోణంలో నిమిషాలు. కంటికి ఆనదు గానీ పది మైళ్ళు పోయేసరికి గీత పాతిక అడుగులు పక్కకి పోతుంది. సర్వేయరు గారు గెడ్డం గోక్కుని, "నిన్న గాలి ఉందిలే" అన్నారు. రెండో సాయంత్రం గాలి లేదు. మళ్ళీ అంతే తేడా. మూడో సాయంత్రం ఆయన మరలన్నీ విప్పి తుడిచి, బుడగమట్టం సరిచేసి చూశారు. మళ్ళీ అంతే.

నాలుగో రోజు పొద్దున ఆయన కాగితాలు విసిరికొట్టి నన్ను పిలిచారు.

"లెక్క ఎన్నిసార్లు చూశావు?"

"అయిదుసార్లండి."

"కూడికలు?"

"కింద నుంచి పైకి కూడా చూశానండి."

ఆయన తల ఊపారు. "నువ్వు చూశానంటే చూసినట్టే. పరికరం నేను స్వయంగా చూశాను. ఇంక మిగిలింది స్టాండు పక్కన నిలబడేవాడు. ఆర్ద్రకీ స్వాతికీ మధ్య గంట ఖాళీ ఉంది. ఆ గంటలో కాలు తగిలించి, చెప్పకుండా ఊరుకుంటున్నాడు."

అప్పుడే నాకు ఒక సంగతి తోచింది. కాలు తగిలితే ఒకరోజు ఇంత, ఒకరోజు అంత తప్పు రావాలి. మూడు రోజులూ కొలిచి పెట్టినట్టు ఒకే తేడా ఎలా వస్తుంది? నోటిదాకా వచ్చింది. ఆ మాట పైకి అంటే తప్పు లెక్కలోనే ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. ముందు చూసుకుని అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. నా బతుకులో నేను చేసిన వెధవపనులన్నీ ఈ మాటతోనే మొదలయ్యాయి.

ఆయన పెద్దాఫీసుకి ఉత్తరం చిత్తుప్రతి రాసిచ్చి సాఫుప్రతి రాయమన్నారు. ఖలాసి అజాగ్రత్త మనిషి, కొలతలు చెడగొడుతున్నాడు, ఏ పార్టీలోకీ తీసుకోవద్దు, వేరే మనిషిని పంపండి అని. ఆ కాగితం వెళితే అతనికి ఇంక సర్కారు పని దొరకదు. మిగిలేది సముద్రమే.

ఉత్తరం పక్కన పెట్టి కేటలాగు ముందేసుకున్నాను. లెక్క మొత్తం కొత్తగా చేశాను. ఎక్కడా తప్పు లేదు. నాకు ఊరట కలగాలి, భయం పెరిగింది. మధ్యాహ్నం ఎండ గుమ్మంలోకి వచ్చేవేళకి, చూడటానికి ఇంకేమీ మిగలక, నేను గీత కొట్టి వదిలేసిన గడిని పుస్తకంలో చూశాను. ఆర్ద్రకి సున్నా చిల్లర. అటూ ఇటూ ఉన్న చుక్కలన్నిటికీ సున్నా చిల్లరే. వేలు దింపుకుంటూ స్వాతి దగ్గరికి వచ్చాను. అక్కడ రెండు ఉంది. ఏడాదికి రెండు సెకండ్లు, దక్షిణం వైపు. నలభై మూడు రెళ్ళు ఎనభై ఆరు.

ఆ ఎనభై ఆరూ కలిపి లెక్క మళ్ళీ కట్టేసరికి ఆర్ద్రా స్వాతీ ఒకే ఉత్తరాన్ని చూపించాయి. ఏడు సెకండ్ల తేడా, అంతే. తాత ముత్తాతల నుంచి కదలదనుకున్న చుక్క, నేను పుట్టకముందు నుంచీ నడుస్తూనే ఉంది. చుట్టుపక్కల వాటిని వదిలేసి తన దారిన తాను పోతోంది. మా ఇంటి వాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు. పుస్తకంలో వేలి కింద ఉన్నా నాకు తెలియలేదు.

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. వెంటనే వెళ్ళి చెప్పాలి. గుమ్మం దాకా వెళ్ళాను. సర్వేయరు గారు భోజనం చేసి పడుకున్నారు, లేపితే కోప్పడతారు. లేచాక చెబుదాం. లేచాక కూలీలతో ఏదో గొడవ పడుతున్నారు, ఆ గొడవ తీరాక చెబుదాం. ఈలోగా ఇంకోసారి చూసుకున్నాను. ఏడు సెకండ్లే. తాత్కాలికపు ఉద్యోగం, నాలుగో రోజే ఊడి ఇంటికెళితే నాన్నగారి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతాను? ఏమని చెబుతాను, స్వాతి నూట తొంభై తొమ్మిది దగ్గర లేదండీ అనా?

పొద్దు వాలింది. బంగళా ముందు ఖలాసి స్టాండు నాటడానికి వచ్చాడు. సర్వేయరు గారు వరండాలోంచి అతన్ని పిలిచారు. కూలీలందరూ ఉన్నారు. నేనూ ఉన్నాను, ఆయన కుర్చీ పక్కనే.

"ఏరా, స్టాండుకి కాలు తగిలిందా?"

"లేదండి అయ్యగారూ. నా కాలు ఎక్కడ పెట్టానో నాకు తెలవదాండి?"

"ముగ్గురం ఉన్నాం. నేను పరికరం చూశాను, ఈయన లెక్క చూశాడు. అయిదుసార్లు చూశాడు. ఇంక నువ్వే చెప్పు."

ఖలాసి నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఈయన అయిదుసార్లు చూశాడంటే నిజమేనేమో అన్నట్టు చూశాడు. నా చెయ్యి జేబు మీద ఉంది. కాగితం అంచు వేళ్ళకి తగులుతోంది.

"ఒప్పుకో. ఒప్పుకుంటే కాగితంలో రాయను, ఊరికే పంపేస్తాను. లేదంటే ఎక్కడా పని దొరక్కుండా రాస్తాను" అన్నారు సర్వేయరు గారు. ఆయన దృష్టిలో అది దయే.

ఖలాసి తన పాదాల కేసి చూసుకున్నాడు.

"తగిలిందేమోనండి. చీకట్లో తెలీకుండా తగిలిందేమో" అన్నాడు.

నేను అప్పుడైనా మాట్లాడలేదు. రాత్రంతా మంచం మీద మాటలు పేర్చుకున్నాను. తెల్లారి, సర్వేయరు గారు మొహం కడుక్కుంటుండగా వెళ్ళి కాగితం ఆయన ముందు పెట్టి, ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. ఆయన తడిచేతుల్తోనే కాగితం తీసుకున్నారు. కేటలాగు తెప్పించుకుని స్వాతి వరస చూశారు. లెక్క తానే కట్టారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. నాకు ఆ గళ్ళు తెలుసో లేదో అడక్కుండా పుస్తకం అప్పగించింది తనేనని అనుకున్నారో ఏమో.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న మధ్యాహ్నం అండి."

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు మింగుడు పడదు. "వెళ్ళి తీసుకురా. నేనే పంపానని చెప్పు. పొద్దున్నే నడిచి వెళ్ళిపోయాడు" అన్నారు.

పడవెక్కి బందరు వెళ్ళాను. అక్కణ్ణించి ఇసకలో నడక. కలిసిన ప్రతివాణ్ణీ ఖలాసి ఇల్లెక్కడని అడుగుతూ, మధ్యలో రెండుసార్లు దారి తప్పి, మర్నాటి పొద్దెక్కేసరికి పల్లె చేరాను. దారంతా నా భయం ఒక్కటే, అతను అప్పటికే వేటకి వెళ్ళిపోయి ఉంటాడని. లేదు, ఇంటి ముందు కూర్చుని అన్న వల బాగుచేసుకుంటున్నాడు. బతికాన్రా దేవుడా అనుకున్నాను. తల్లి లోపల్నుంచి వచ్చి నాకు కొబ్బరిబోండం కొట్టి ఇచ్చింది. నేను అది పట్టుకుని నిలబడే మొత్తం చెప్పాను. తప్పు నీది కాదు, నాది. స్వాతి చుక్క ఏటేటా జరుగుతోంది. పుస్తకంలో ఉంది. నేను చూడలేదు. సర్వేయరు గారు రమ్మంటున్నారు.

అతను వల కింద పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"చుక్క జరిగిందా బాబుగారూ?"

"జరిగింది. ఏడాదికి రెండు సెకండ్లు."

"మా తాత ఆ చుక్కని చూసే ఇల్లు చేరేవాడండి. మా నాన్నా అంతే. నేనూ అంతే. ఎక్కడుండేది అక్కడే ఉంది కదండీ."

"కంటికి తెలియదు. కొలిస్తేనే తెలుస్తుంది."

అతను నవ్వాడు. పసివాడు అబద్ధమాడితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "మీది మెత్తటి మనసండి. నా నెత్తిన పడ్డది మీ నెత్తిన వేసుకోవాలని ఇంత దూరం వచ్చారు. చుక్క మీద నేరం మోపి నేను అన్నం తినలేనండి. ఆలోచించుకున్నాను. మూడో రోజు లాంతరు చెయ్యి మార్చుకున్నప్పుడు నా కాలికి ఏదో తగిలింది. స్టాండే అయ్యుంటది."

"తగల్లేదయ్యా! లెక్క సరిపోయింది, ఏడు సెకండ్లకి సరిపోయింది!" నేను దాదాపు అరిచాను. జేబులోంచి కాగితం తీసి చూపించాను. అతను దాన్ని రెండు చేతులతో తీసుకుని మర్యాదగా చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు. ఆ అంకెలు అతనికేం చెబుతాయి?

తల్లి అతని భుజం పట్టుకుని బతిమాలింది. "బాబుగారే వచ్చి పిలుస్తుంటే వెళ్ళరా. ఒట్టేశావు కదరా." అతను తల అడ్డంగా ఊపాడు. "నా కాలు ఎక్కడ పడుతోందో నాకే తెలవడం లేదమ్మా. ఇంక ఆ స్టాండు పక్కన నిలబడలేను. నిలబడితే కాళ్ళు వణుకుతాయి" అన్నాడు. నీళ్ళలోకి దిగనన్న ఆ ఒట్టు తీసేయమని తల్లిని అడిగాడు. ఆమె నా కళ్ళ ముందే ఏడుస్తూ తీసేసింది.

నేను తిరిగి వస్తుంటే ఆమె పల్లె చివరి దాకా నా వెంట వచ్చింది. దారిలో ఎదురైన ప్రతి మనిషికీ చెప్పింది, నా కొడుకు తప్పు చేస్తే తన మీద వేసుకుని కాపాడదామని వచ్చిన మహానుభావుడు ఈ బాబు అని. కాదమ్మా అన్నాను. అలా అనకండి బాబూ అని నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. నీ బిడ్డలు చల్లగా ఉండాలి అని దీవించింది.

సర్వేయరు గారికి జరిగింది చెప్పాను. కాలువ గీత సరిగ్గానే వచ్చింది, నా ఉద్యోగం తర్వాత ఖాయమైంది కూడా. ఆ కోస్తాలో ఎన్ని గాలివానలు వచ్చాయో నాకు లెక్క తెలియదు. వచ్చిన ప్రతిసారీ పేపర్లో పల్లెల పేర్లు వెతికేవాణ్ణి, ఆ పల్లె పేరు దగ్గరికి వచ్చేసరికి చదవలేక పేపరు మడిచేసేవాణ్ణి. అతనేమయ్యాడో ఇప్పటికీ నాకు తెలియదు. నా బిడ్డలు మాత్రం చల్లగానే ఉన్నారు.